నెపియన్ ఇసుకలో రాజుబొమ్మ రూపాయి

పోయిన నెల హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళి వస్తూ, పిల్లలు సముద్రం చూస్తామంటే కింద బీచ్ దగ్గర కారు ఆపాడు మా అబ్బాయి. నేను దిగలేదు. మేం ఇప్పుడుంటున్న గంగాలిన్ నుంచి పొద్దున్నే బయలుదేరిన ప్రయాణం, గుడిలో మెట్లు, ప్రసాదం తిన్నాక వచ్చే మత్తు, అన్నీ కలిసి మోకాళ్ళలోకి దిగాయి. అద్దం దించుకుని చూస్తూ ఉంటే, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పెద్దాయన ఒకడు, పొడుగాటి కర్ర చివర పళ్ళెం లాంటిది తగిలించుకుని, దాన్ని ఇసుక మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తున్నాడు. మనవరాలు పరుగెత్తుకొచ్చి, "నాన్నమ్మా, వాట్స్ హీ లుకింగ్ ఫర్?" అంది. "పాత నాణేలమ్మా" అన్నాను. "వై? ఈజ్ హీ పూర్?" అంది. మా అబ్బాయి నవ్వి, "మా తాతయ్య కూడా ఇలాగే తిరిగేవాడు, అడుగు, నాన్నమ్మ చెప్తుంది" అన్నాడు. అది ఈలోగా కారెక్కి ట్యాబ్ తెరిచేసింది. నాకూ చెప్పే ఓపిక లేకపోయింది. దారి పొడుగునా మాత్రం అవే ఆలోచనలు. ఇంటికొచ్చిన మర్నాడు రాయడానికి కూర్చున్నాను. నోటికి లేని ఓపిక చేతికి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు.

మేం ఈ దేశం వచ్చి కాపురం పెట్టిన రోజుల్లో పెండిల్ హిల్‌లో ఇప్పుడున్న దోసె హోటళ్ళూ మిఠాయి కొట్లూ ఏవీ లేవు. స్టేషను పక్కన ఒక మాంసం కొట్టు, ఒక రొట్టెల కొట్టు, ఒక మందుల షాపు. కందిపప్పు కావాలంటే కారున్నవాళ్ళెవరైనా సిటీకి వెళ్ళేటప్పుడు చెప్పి తెప్పించుకోవడమే. మా ఆయన పొద్దున్నే రైలెక్కితే చీకటిపడ్డాక వచ్చేవారు. నేను ఇంటర్ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. వంటయ్యాక పగలంతా ఇంట్లో మాట వినపడేది కాదు. అటువంటి ఇంటికి, అత్తయ్యగారు పోయిన తరవాత మావయ్యగారు వచ్చారు. కృష్ణా కాలవల మీద, లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే లేచి చన్నీళ్ళ స్నానం, విభూతి, ఆ తరవాత ఫిల్టరు మీద అరచెయ్యి ఆనించి డికాక్షన్ దిగిందో లేదో చూడటం, గ్లాసు పొడుగునా నురగ తేలేట్టు తిరగబోసుకుని తాగడం, తన పంచె తనే ఉతుక్కుని వెనక పెరట్లో గొడుగులా తిరిగే తీగ మీద ఆరేసుకోవడం. వానపడి వెలిసిన పూట కంచె అవతలి యూకలిప్టస్ వాసన, మా వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన, పక్కింటివాళ్ళు పెరట్లో కాల్చుకునే మాంసం వాసన కలిసి ఆ పంచె మీదుగా ఇంట్లోకి వచ్చేవి. ఆ కలగలుపు వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

కాఫీ అయ్యాక ఇక ఆయనకి పనుండేది కాదు. ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూసేవారు. రోడ్డు మీద మనుషులుండేవాళ్ళు కాదు. "ఇక్కడ నేను చెయ్యాల్సింది ఏవుందమ్మాయ్?" అనేవారు. అందులో ఫిర్యాదు ఉండేది కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు అనేవారు. వచ్చేటప్పుడే తిరుగు టికెట్టుతో వచ్చారు. చలికాలం మొదలవగానే తేదీ వేయించుకుని వెళ్ళిపోతానని ముందే చెప్పారు. మా ఆయన "మీ ఇష్టం నాన్నా" అని ఊరుకున్నారు. ఆయనకి ఆఫీసులో నలుగురున్నారు. ఈయన వెళ్ళిపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలుగులో ఒక్క మాట మాట్లాడే మనిషి నాకు లేడు. మొక్కని దేవుడు లేడు, ఆయన ఉండిపోవాలని.

నాకు ఇంకో దిక్కు లైబ్రరీ. ఎండ తట్టుకోలేక మొదటిసారి వెళ్ళాను. చల్లగా ఉంది, ఎవరూ ఏమీ అడగలేదు, కుర్చీ మెత్తగా ఉంది. పిల్లల పుస్తకాల దగ్గర మొదలుపెట్టి, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో అరా దాటుకుంటూ వచ్చాను. పక్షులు, పడవలు, ఈ దేశం చరిత్ర, రాళ్ళు, రైళ్ళు. కాలేజీ గుమ్మం సరిగ్గా తొక్కనిదాన్ని, డాక్టర్ల ఇళ్ళలో భోజనాలకి వెళ్ళినప్పుడు ఫలానా పక్షి గుడ్డు ఏ రంగో నేను చెబుతుంటే వాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. ఆ లైబ్రరీలో నేను చెయ్యి పెట్టని అర లేదని ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.

మావయ్యగారి కిటికీలోకి మొదట వచ్చిన మనిషి పక్కింటి కెన్. బస్సులు నడిపి రిటైరయ్యాడు. ఒకరోజు పెరట్లో, లోహాల్ని పసిగట్టే ఆ పళ్ళెం యంత్రాన్ని తుడుచుకుంటూ ఉంటే, పంచె ఆరేస్తున్న మావయ్యగారు కంచె దగ్గర నిలబడి చూస్తున్నారు. చాలాసేపు చూశాక కెన్ తలెత్తాడు.

"యు వాంట్ ఎ గో, మేట్?"

మావయ్యగారి ఇంగ్లీషు ఫైళ్ళ ఇంగ్లీషు. "సర్, ఐ యామ్ ఎట్ యువర్ డిస్పోజల్" అన్నారు. కెన్‌కి అది బాగా నచ్చింది. ఆ రోజు నుంచి తను చనిపోయేదాకా మావయ్యగారు కనపడితే అదే మాట ఆయనకే అప్పజెప్పేవాడు.

మావయ్యగారు ఆ యంత్రానికి పెద్ద అట్లకాడ అని పేరు పెట్టారు. నిజంగానే పెనం మీద అట్టు తిప్పుతున్నట్టే ఉండేది ఆ ఊపు. కెన్ తన పాతది ఆయనకిచ్చాడు. వారంలో కొన్ని పొద్దుళ్ళు ఇద్దరూ పార్కులకీ, పాత ఆటస్థలాలకీ వెళ్ళేవాళ్ళు. కెన్ మాట మావయ్యగారికి, మావయ్యగారి మాట కెన్‌కి సగమే అర్థమయ్యేది కాబట్టి మధ్యలో నేను. కెన్ నేర్పిన మొదటి పాఠం తవ్వడం కాదు, పూడ్చడం. యంత్రం కూసిన చోట గడ్డిని గుర్రపు నాడా ఆకారంలో మూడు వైపులే కోసి, నాలుగో వైపు వేళ్ళతో వదిలేసి, మూతలా పైకెత్తాలి. మట్టి ఒక గుడ్డ మీద పోసుకోవాలి. వెతికాక మట్టి మళ్ళీ నింపి, మూత వేసి, కాలితో అదిమి, కాసిని నీళ్ళు పొయ్యాలి. మర్నాడు చూస్తే అక్కడ తవ్వినట్టు తెలియకూడదు. "ఇది మన కాలవగట్టు పనేనమ్మాయ్" అని మావయ్యగారు పొంగిపోయారు. గండి పడ్డచోట గడ్డిచెక్క ఎలా అతుకుతారో నాకు చెబుతూ నడిచేవారు. దొరికేవి ఎక్కువగా సీసా మూతలూ, డబ్బాల రింగులూ. ఎప్పుడైనా కంగారూ బొమ్మ ఉన్న పాత పెన్నీ. అది దొరికిన రోజు ఇంటికొచ్చి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేసుకునేవారు.

ఆ పెన్నీలతోనే మేమొక ఘనకార్యం చేశాం. మట్టికొట్టుకుపోయి నల్లగా ఉన్నాయి కదా అని, దేవుడి సామాను తోమినట్టు చింతపండూ ఉప్పూ పట్టించి, కొబ్బరి పీచుతో తోమి తోమి, కొత్త రాగి చెంబులా తళతళలాడించాం. విస్తరాకంత పళ్ళెంలో పేర్చి కెన్‌కి చూపిస్తే, ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఓ, వాట్ హావ్ యు డన్, లవ్."

"క్లీన్ చేశాం" అన్నాను.

"దే వర్ వర్త్ సంథింగ్ దిస్ మార్నింగ్" అన్నాడు పాపం, నెమ్మదిగా.

పాత నాణేన్ని ఎప్పుడూ తోమకూడదట. నల్లదనమే దాని వయసట. మావయ్యగారికి ఇది బొత్తిగా మింగుడు పడలేదు. "మురికికి విలువేమిటమ్మా, వీళ్ళ మొహం" అని ఆ రోజంతా సణుక్కున్నారు. నేను మాత్రం మర్నాడే లైబ్రరీకి పోయి నాణేల పుస్తకాలన్నీ మోసుకొచ్చాను. ఏ రాజు తల ఎటు తిరిగి ఉంటుందో, వెండి ఎప్పుడు తగ్గించారో, ఏ మట్టిలో రాగి ఏ రంగు తిరుగుతుందో అన్నీ చదివాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన చాప మీద నడుం వాల్చితే నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన ప్రశ్నలడిగేవారు. జవాబు తెలియకపోతే మళ్ళీ లైబ్రరీ. నాకు అంతకంటే మంచి బడి దొరకలేదు.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. నెపియన్ నది తగ్గి, పెన్రిత్ అవతల జనం పిక్నిక్‌లకి వెళ్ళే చోట కొత్తగా ఇసుక మేట బయటపడింది. కెన్ కౌన్సిల్ ఆఫీసులో అడిగి వచ్చాడు, ఇసుకలో వెతుక్కోవచ్చన్నారట. నేను పులిహోర కట్టుకుని బయలుదేరాను. మావయ్యగారు నది చూడగానే యంత్రం పక్కన పెట్టి, కాసిని నీళ్ళు నెత్తిన చల్లుకుని, దిగువకి చూస్తూ నిలబడ్డారు. "మంచి నీరమ్మాయ్. ఒండ్రు తక్కువ" అన్నారు. తరవాత పని మొదలుపెట్టారు. ముందు దొరికింది చిల్లు కానీ. మధ్యలో గుండ్రటి కన్నంతో, మా చిన్నప్పుడు మొలతాళ్ళకి కట్టిన చిల్లు కానీ. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, నా వంక చూసి, మళ్ళీ దాని వంక చూశారు. అక్కడే ఇంకో రెండు రాగి డబ్బులు. కాస్త లోతుగా, ఒక రూపాయి. రాజుబొమ్మ వెండి రూపాయి. అంచున కొక్కెం అతికించి ఊడదీసిన మచ్చ.

మావయ్యగారు ఇసుకలో చతికిలబడిపోయారు. "అమ్మాయ్, ఇది మనదే. ఎవడో మనవాడు ఇక్కడికి వచ్చాడు. మనకంటే ముందు ఇక్కడ నీళ్ళు తాగాడు." కెన్ టోపీ తీసి, "వెల్, ఐ'ల్ బి..." అని మాట పూర్తిచెయ్యలేదు. ఆ రోజు పులిహోర ఎవరం సరిగ్గా తినలేదు.

ఆ మనవాడెవడో నాకు తెలుసు. లైబ్రరీలో చదివాను. ఈ రాష్ట్రంలో పూర్వం ఇండియా నుంచి వచ్చిన చిల్లర వర్తకులు ఉండేవాళ్ళు. గుర్రపు బండి మీద బట్టలూ సూదులూ దారాలూ వేసుకుని ఊరూరా అమ్ముతూ, నదుల పక్కన గుడారాలేసుకుని, తమ వంట తామే వండుకుంటూ తిరిగేవాళ్ళు. వాళ్ళు ఎక్కువగా పంజాబు వైపువాళ్ళు. మావయ్యగారు మాత్రం "వాళ్ళలో ఒకడన్నా మచిలీపట్నంలో ఓడెక్కినవాడు ఉండడా?" అనేవారు. పాత చరిత్ర మీద ఇష్టం ఉన్న పెద్దవాళ్ళు కొందరు నెలకోసారి మా లైబ్రరీ వెనక గదిలో కలుసుకునేవాళ్ళు. కెన్ వాళ్ళకి చెప్పాడు. ఈ రూపాయి గురించి మావయ్యగారు వచ్చి మాట్లాడాలని వాళ్ళు కబురు పంపారు, ఆ నాణేలు ఇస్తే లైబ్రరీలో అద్దాల పెట్టెలో పెడతామన్నారు. ఆయన ప్రయాణం వాయిదా వేశారు. మా ఆయన కోటు ఒకటి తీసి, పొడుగైన చేతులు మడిచి కుట్టించుకున్నారు. రోజూ కిటికీ దగ్గర నిలబడి ప్రసంగం అప్పజెప్పుకునేవారు. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, వుయ్ ఆర్ నాట్ న్యూ హియర్" అని మొదలు. ఆ వాక్యం నేనే రాసిచ్చాను. కిటికీలోంచి చూసేందుకు ఏమీ లేని మనిషి, ఇప్పుడు కిటికీకి వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. ఇక చలికాలమైనా ఆయన వెళ్ళరని నేను లోపల్లోపల లెక్క కట్టేసుకున్నాను.

సరోజిని ఆంటీ వచ్చింది ఆ రోజుల్లోనే. మాకంటే చాలా ముందు వచ్చి స్థిరపడిన డాక్టరుగారి భార్య ఆవిడ. డాక్టరుగారు అంతకు కొన్ని నెలల ముందు ఆస్పత్రిలో డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయారు. ఆవిడ ఇల్లు కదలడం అదే మొదలు. కాఫీ తాగుతూ ఉంటే మావయ్యగారు ఉత్సాహం ఆపుకోలేక, దూదిలో చుట్టిన రూపాయి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

"చూడండమ్మా, ఎన్నాళ్ళ నాటిదో! మన పూర్వీకుడెవరో నెపియన్ ఒడ్డున పారేసుకున్నాడు."

ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. బొటనవేలితో ఆ కొక్కెం మచ్చ తడిమారు. కప్పు కింద పెట్టేశారు.

"అన్నయ్యగారూ, ఇది మా అత్తగారిది."

"ఏవిటమ్మా?"

"మా ఆయన చిన్నప్పుడు మెళ్ళో కట్టిన రూపాయండి. అత్తగారు పోయినప్పుడు ఈయనకి లీవ్ దొరకలేదు, వెళ్ళలేకపోయారు. నెక్స్ట్ ఇయర్ కృష్ణా పుష్కరాలొచ్చాయి. అప్పటికి ఇక్కడ మనవాళ్ళం నాలుగైదు ఫ్యామిలీస్. ఎవరో ఊరెళ్ళి వస్తూ మందు సీసాలో కృష్ణ నీళ్ళు తెచ్చారు. అవి నెపియన్‌లో కలిపేసి, ఇదే కృష్ణ అనుకుని అందరం స్నానాలు చేశాం. ఆ చలికి పళ్ళు టకటకలాడుతుంటే సంకల్పం చెప్పుకున్నాం. మంత్రాలు మా ఆయనకి సగమే వచ్చు. ఇంట్లో పూజపెట్టెలో ఉన్న పాత డబ్బులన్నీ తెచ్చి తలా ఒకటి నీళ్ళలో వేశాం. ఈయన వాళ్ళమ్మ పేరు చెప్పి ఇది వేశారు."

మావయ్యగారు చేతిలో మిగిలిన దూదిని మడతపెట్టారు. ఆయన మొహం చూడలేక నేను కప్పులు తీశాను. తరవాత ఆయన చెయ్యి చాపి, "ఇలా ఇవ్వండమ్మా. తెలియక తీశాను. నీళ్ళకిచ్చింది నీళ్ళకే ఇచ్చేస్తాను" అన్నారు.

ఆంటీ పిడికిలి మూసేశారు. "మీరు తీశారు గానీ నేను తియ్యలేదుగా! నాకు దొరికింది. ఆయన చేత్తో వేసింది."

"కృష్ణమ్మకి ఇచ్చిందాన్ని ఇంట్లో ఎలా పెట్టుకుంటారమ్మా?"

"ఇది కృష్ణ కాదు కదా అన్నయ్యగారూ, నెపియన్! దానికి మన రూల్స్ ఏం తెలుసు?"

అంటూనే ఆవిడ ఏడ్చారు. కాసేపటికి పిడికిలి విప్పి రూపాయి బల్ల మీద పెట్టి, "మీ మీటింగ్ అయిందాకా ఉంచుకోండి. తరవాత మాట్లాడుకుందాం" అని వెళ్ళిపోయారు.

మీటింగు మానేద్దామన్నాను. ఒంట్లో బాగాలేదని కబురు పంపితే ఎవరూ ఏమీ అనుకోరు. మావయ్యగారు ఒప్పుకోలేదు. "వస్తామని చెప్పాం. వెళ్ళి ఉన్నమాట చెప్పి వద్దాం. ఆ మొదటి వాక్యం కొట్టెయ్యి. ఇంకోటి రాసియ్యి" అన్నారు. ఏం రాయాలో నాకు తోచలేదు. మీటింగులో ఆయనే తన ఫైళ్ళ ఇంగ్లీషులో చెప్పారు. ఈ నాణేలు పాతవే గానీ నదిలో పడింది ఈమధ్యనే, వేసింది మా వాళ్ళే, మా పుష్కరం అంటే ఇదీ, అని. కోటు చేతులు ఇంకా పొడుగ్గానే ఉన్నాయి. విన్నవాళ్ళు మర్యాదగా విన్నారు. అయ్యాక పెద్దావిడ ఒకరు, నిజంగానే బాధపడుతూ, "ఓ, వాట్ ఎ షేమ్" అన్నారు. ఎవరో టీ నీళ్ళు కాగాయని చెప్పారు. అందరూ లేచారు. బిస్కట్ల దగ్గర పాత రైలు వంతెన గురించి మాట్లాడుకున్నారు. కెన్ ఒక్కడే కుర్చీ జరుపుకుని మావయ్యగారి పక్కన కూర్చుని, "సో యు లాట్ చక్ మనీ ఇన్ ది రివర్. వాట్ ఫర్, మేట్?" అని అడిగాడు. మావయ్యగారు చెప్పడం మొదలుపెట్టారు. నేను సగం దాకా తర్జుమా చేసి, టీ తెస్తానని లేచిపోయాను.

గుర్రపు బండి మీద వచ్చిన వర్తకుడైతే వాళ్ళకి చరిత్ర. ఆ గదిలోనే కోటు వేసుకుని ఎదురుగా కూర్చున్న మనిషి కాదు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడా కోపం కూడా లేదు, అలసట ఉంది. ఇప్పుడు మా మనుషులంటే అందరికీ ఎక్కడలేని ఆసక్తి. ఈ మధ్య గంగాలిన్‌లో లైబ్రరీకి ట్రామ్‌లో వెళ్తే, అక్కడి అమ్మాయి నా పేరు రాసుకుని, మీ మైగ్రేషన్ స్టోరీ రికార్డు చేసుకుంటాం, మైకు ముందు ఒక గంట మాట్లాడండి అంది. ఏం చెప్పను? చెప్పాల్సినవాళ్ళు పోయారు. అప్పుడు చెప్పడానికి మనిషి ఉన్నాడు, గది ఖాళీ అయింది. పుష్కరాలకి ఇప్పుడు వాట్సాప్‌లో పేర్లిచ్చుకుంటారు, పార్కింగు ఎక్కడో మ్యాపు పంపుతారు, మంత్రాలు తప్పులేకుండా చెప్పే పురోహితుడు వస్తాడు. అన్నీ సవ్యంగా జరుగుతాయి. నేను వెళ్ళడం మానేశాను. చన్నీళ్ళు పడవని చెబుతాను గానీ, అసలు సంగతి, అంతమంది మధ్య ఎవరి పేరు తలుచుకోవాలో మర్చిపోతాను.

మీటింగు మర్నాడు పొద్దున మావయ్యగారు కిటికీ దగ్గర కూర్చోలేదు. మంచం మీదే ఉన్నారు. కెన్ కంచె దగ్గరకొచ్చి పిలిస్తే కాళ్ళు నొప్పులని చెప్పించారు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "సోమవారం ఏజెంటుకి ఫోన్ చేసి నా తేదీ సంగతి చూడరా" అన్నారు మా ఆయనతో. మా ఆయన సరేనన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఉండమని అడగటానికి నా దగ్గర ఏముంది? ఉండి ఏం చెయ్యాలంటే ఏం చెప్పను?

ఆదివారం రూపాయి నదికిచ్చేద్దామని ఆంటీని ఆయనే పిలిచారు. ఆవిడే కారు నడుపుకుంటూ వచ్చారు, తెల్లని నూలు చీర, కింద పిల్లలు వేసుకునే బూట్లు. గాలి చల్లగా ఉంది. ఇసుక మేట సగం మళ్ళీ మునిగిపోయింది. మావయ్యగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలోకి దిగి, ముందు రాగి డబ్బులూ చిల్లు కానీ వేశారు. ఎవరివో తెలియదు కాబట్టి, "ఎవరి పేరున వేశారో వాళ్ళకే" అన్నారు. తరవాత ఒడ్డుకి వచ్చి రూపాయి ఆంటీ అరచేతిలో పెట్టారు.

"మీ చేత్తో వెయ్యండమ్మా."

ఆవిడ నీళ్ళ అంచుదాకా వెళ్ళారు. చెయ్యి ఎత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బాతులు దగ్గరికొచ్చి, రొట్టె కాదని చూసుకుని వెళ్ళిపోయాయి. ఆవిడ వెనక్కి తిరిగి వచ్చి, రూపాయి హ్యాండుబ్యాగులో వేసుకుని జిప్ లాగేశారు.

"నా వల్ల కాదు అన్నయ్యగారూ."

మావయ్యగారు నది వైపే చూస్తూ, "తప్పు కదమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు.

"తప్పే. అందుకే చెప్తున్నా. నేను పోయాక మీరు తీసుకొచ్చి వెయ్యండి. మా పిల్లలకి చెప్పి లాభం లేదు, వాళ్ళు దీన్ని ఫ్రేము కట్టించి గోడకి పెడతారు."

"నేనా? నేను నీకంటే ఎంత పెద్దవాణ్ణి!"

"అయితే ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోండి మరి. ఇండియా పారిపోతారంటగా, మీ కోడలు రాజ్యం చెప్పింది ఫోన్లో. పారిపోతే ఈ పాపం నాతోనే వస్తుంది. మీరు తవ్వారు, మీరే పూడ్చాలి. మీ కెన్ నేర్పలేదూ?"

మావయ్యగారు నవ్వారు. మీటింగు తరవాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. మడిచిన ప్యాంటు దింపుకోవడం మర్చిపోయి, తడి కాళ్ళతోనే కారెక్కారు.

ఆ రాత్రి మా ఆయన ఆఫీసు డైరీ తెచ్చుకుని, "రేపు ఏజెంటుతో ఏ వారం అని చెప్పమంటారు నాన్నా?" అన్నారు.

"ఇప్పుడు కాదురా. ఆ సరోజినమ్మగారిది నాకో పని పడింది."

"ఏం పని?"

మావయ్యగారు మజ్జిగ కలుపుకుంటూ, "దానికి తొందరేం లేదులే" అన్నారు.

తరవాత ఆయన చాలా ఏళ్ళు మాతోనే ఉన్నారు. మా అబ్బాయికి నడక నేర్పారు, కెన్ పోయినప్పుడు పెట్టె మోసినవాళ్ళలో ఒకరయ్యారు. ప్రతి చలికాలం మొదట్లో ఆంటీకి ఫోన్ చేసి, "ఏమ్మా, ఎలా ఉన్నావ్? నేనున్నాను" అనేవారు. ఆవిడ అటునుంచి "నేనూ ఉన్నానండీ, మీకప్పుడే పనిలేదు" అనేవారట. చివరికి ఆయనే ముందు వెళ్ళిపోయారు. అస్థికలు నెపియన్‌లోనే కలిపాం. ఆంటీ చేతికర్రతో వచ్చారు. మా ఆయన మంత్రం ముగించాక, ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నీళ్ళ అంచుదాకా నడిచి, బ్యాగు తెరిచి, ఆ రూపాయి తీసి, ఈసారి ఒక్క క్షణం కూడా ఆగకుండా విసిరేశారు. "చూశావా రాజ్యం, ఒప్పుకున్న పని నా మీదే పడేసి పోయారు మీ మావయ్యగారు" అని విసుక్కుంటూ కారు వైపు తిరిగారు.

ఆవిడా లేరిప్పుడు. కిటికీ దగ్గర కూర్చునే నాటి ఆయన వయసు నేను దాటేశాను. ఈ ఇంట్లో అందరూ నన్ను కూర్చోమనే అంటారు.